విదేశీ ఉపాధ్యాయ బృందంతో కలిసి ఒక పాఠం తయారుచేయడం: వరంగల్ ప్రాంత బడుల కోసం మార్గదర్శిని

అంతర్జాతీయ సహకారం అన్న మాట స్టాఫ్ రూములో వినపడగానే మొదట వచ్చే ప్రశ్న ‘ఎవరిని పంపుతారట, ఎన్నాళ్లట’ అన్నదే. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. అయితే విమానం ఎక్కేది జిల్లాకు ఒకరో ఇద్దరో అయినప్పుడు మిగిలిన వేలమందికి ఆ మాటతో సంబంధమే లేకుండా పోతుంది. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాలలో 4.సి అనే ఉపలక్ష్యం, 2030 నాటికి అర్హులైన ఉపాధ్యాయుల సంఖ్యను గణనీయంగా పెంచాలని, అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఉపాధ్యాయ శిక్షణకు అంతర్జాతీయ సహకారాన్ని కూడా అందుకు వినియోగించుకోవాలని చెబుతుంది. అంత పెద్ద వాక్యాన్ని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల స్థాయికి దించితే చేయగలిగిన పని ఏమిటన్నదే ఈ వ్యాసం విషయం.

నేను సూచించేది ఒక విద్యా సంవత్సరం పాటు సాగే చిన్న పని. మన స్కూల్ కాంప్లెక్స్‌లోని, అంటే దగ్గర దగ్గరి బడుల సముదాయంలోని నలుగురైదుగురు ఉపాధ్యాయులు, మరో దేశంలోని నలుగురైదుగురు ఉపాధ్యాయులు ఒకే తరగతిగది ప్రశ్నను పట్టుకొని, ఒకే పాఠాన్ని కలిసి తయారుచేసి, ఎవరి బడిలో వారు బోధించి, పిల్లలు ఏం చేశారో ఒకరికొకరు చూపుకుంటారు. దీనికి ఒక ఫోను, ఓ మోస్తరు ఇంటర్నెట్, ప్రధానోపాధ్యాయుల సంతకం, కాస్త ఎక్కువ పాళ్లలో ఓపిక సరిపోతాయి.

ఈ నేలకు ఇది కొత్త కాదు

1940వ దశకంలో, ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలోని మార్లవాయిలో, ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వం తరఫున గోండుల విద్యా పథకాన్ని మొదలుపెట్టినప్పుడు, ఆ పథకానికి గుండెకాయగా నిలిచింది గోండు యువకుల కోసం పెట్టిన ఉపాధ్యాయ శిక్షణ కేంద్రమే. గోండి భాషలోనే వాచకాలు రాయించి, ఆ గూడేల వాళ్లనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దాలన్నది అక్కడి ఆలోచన. ఆ తర్వాత 1980వ దశకంలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, అంటే పాతతరం ఉపాధ్యాయులు ఇప్పటికీ ‘ఏపీపెప్’ అని పిలుచుకునే కార్యక్రమం వచ్చింది. తరగతిలో కృత్యాలు చేయించడం, నిర్ణీత వ్యవధిలో ఉపాధ్యాయ కేంద్రంలో కలుసుకోవడం దాని ముఖ్య లక్షణాలు. 1996లో ఉమ్మడి రాష్ట్రంలో డీపీఈపీ, అంటే జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం తొలి విడతకు ఎంపికైన ఐదు జిల్లాల్లో విజయనగరం, నెల్లూరు, కర్నూలుతో పాటు కరీంనగర్, వరంగల్ కూడా ఉన్నాయి. దానికీ బ్రిటిష్ సాయమే ఆధారం. ఇటీవలి కాలానికి వస్తే, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి నడిపిన ‘క్లిక్స్’ కార్యక్రమం తెలంగాణతో సహా నాలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పనిచేసి, 2017లో యునెస్కో పురస్కారం అందుకొంది.

వీటన్నిటి నుంచి నేను తీసుకున్న పాఠం ఒక్కటే. నిధులు ఆగిన తర్వాత పరికరాల పెట్టెలు అటకెక్కుతాయి, పోస్టర్లు వెలిసిపోతాయి. ఉపాధ్యాయులు ఒకచోట కూర్చొని పాఠం గురించి మాట్లాడుకునే అలవాటు మాత్రం నిలుస్తుంది. నేటి కాంప్లెక్స్ సమావేశాల్లో ఆ పాత ఉపాధ్యాయ కేంద్రాల పోలిక కనిపిస్తుందని నా అభిప్రాయం. కాబట్టి మీరు తలపెట్టే సహకారం ఏదైనా కాంప్లెక్స్ సమావేశంలోనే మొదలై తిరిగి అక్కడికే చేరేలా చూసుకోండి.

ముందుగా ప్రశ్న

చాలామంది ముందు భాగస్వామిని వెతికి, ఆ తర్వాత ‘ఏం చేద్దాం’ అని అడుగుతారు. అలా మొదలైన స్నేహాలు జెండాల చిత్రాలు, పండుగల ఫొటోలు పంపుకోవడంతో ముగిసిపోతాయి. మీ చేతిలో ప్రశ్న లేకుండా ఎవరికీ ఉత్తరం రాయకండి.

‘గణితంలో వెనుకబాటు’ అన్నది ఫిర్యాదే తప్ప ప్రశ్న కాదు. ‘ఏడో తరగతి పిల్లలు చుట్టుకొలత పెరిగితే వైశాల్యం కూడా పెరిగి తీరాలని ఎందుకు నమ్ముతారు, ఏ కృత్యం ఆ నమ్మకాన్ని కదిలిస్తుంది’ అన్నది ప్రశ్న. అలాంటి దాన్ని పట్టుకోవడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. కాంప్లెక్స్‌లోని మూడు నాలుగు బడుల నుంచి ఒకే తరగతి పిల్లల నోటు పుస్తకాలు ఇరవై తెప్పించుకొని, తప్పుల్ని మార్కుల ప్రకారం కాకుండా రకాల ప్రకారం విడదీయండి. పిల్లల కనీస సామర్థ్యాల కోసం ప్రభుత్వం పెట్టిన ‘తొలిమెట్టు’, ‘ఉన్నతి’ కార్యక్రమాల పరీక్షల నమోదు పట్టికలు మీ దగ్గర ఎలాగూ ఉంటాయి. అవి ఏ పిల్లవాడు ఎక్కడ ఆగాడో చెబుతాయి గానీ, ఎందుకు ఆగాడో చెప్పవు. ఆ ‘ఎందుకు’ దగ్గరే మీ ప్రశ్న దొరుకుతుంది. దొరికిన ప్రశ్న ఒక పీరియడ్ పాఠంలో పరీక్షించగలిగినంత చిన్నదిగా ఉండాలి, రెండు దేశాల పాఠ్యప్రణాళికల్లోనూ ఉండే విషయానికి చెందినదై ఉండాలి. రెండో షరతు వల్లనే గణితం, సామాన్యశాస్త్రం, ప్రారంభ దశలో చదవడం వంటివి సులభంగా కుదురుతాయి. సాంఘికశాస్త్రం మొదటి ప్రయత్నానికి కొంచెం కష్టం.

ఎవరితో కలవాలి

ఇక్కడ నా మాట కొందరికి రుచించకపోవచ్చు: మొదటి భాగస్వామిగా ఫిన్లాండ్‌ను వెతకకండి. అక్కడి ఉపాధ్యాయ విద్య గొప్పదే. బడి ఉపాధ్యాయుడు కావడానికి అక్కడ స్నాతకోత్తర పట్టా కావాలి. అయినా అక్కడి తరగతి గది నుంచి వచ్చే సలహా మన గదిలోకి వచ్చేసరికి ‘మనకెక్కడ కుదురుతుంది’ అన్న నిట్టూర్పుగా మారిపోతుంది. నిండు తరగతులు, రెండో మూడో భాషలో బోధన, తల్లిదండ్రుల కూలి పనుల వల్ల పిల్లల గైరుహాజరు వంటి పరిస్థితులు మనతో పోలిన చోట పనిచేసే ఉపాధ్యాయుడు చెప్పే చిన్న చిట్కా ఎక్కువ పనికొస్తుంది.

కెన్యా, జాంబియా దేశాలను నేను ప్రత్యేకంగా సూచించడానికి ఇంకో కారణం ఉంది. కెన్యాలో 1998 నుంచి గణిత, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుల వృత్తి శిక్షణకు జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ జైకా అండగా నిలిచింది. జాంబియాలో జపాన్ ఉపాధ్యాయుల ‘పాఠ అధ్యయనం’ పద్ధతి, అంటే ఉపాధ్యాయులు బృందంగా పాఠం తయారుచేసి, ఒకరు బోధిస్తుండగా మిగతావారు పిల్లల్ని గమనించి, ఆపైన చర్చించే పద్ధతి, ప్రభుత్వ బడుల్లోకి వెళ్లింది. జపాన్‌లో ఈ పద్ధతికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ అనుభవం ఉన్న భాగస్వామి దొరికితే సగం పని అయినట్టే. ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరగదనడానికి కూడా జాంబియాయే ఉదాహరణ: మన దేశంలోని ప్రథమ్ సంస్థ రూపొందించిన, పిల్లల్ని వయసును బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి జట్లుగా చేసి బోధించే పద్ధతిని అక్కడ ‘క్యాచ్ అప్’ పేరుతో అమలు చేశారు.

మనుషులను వెతికే దారులు కొన్ని ఉన్నాయి. 1988లో మొదలైన ‘ఐఎర్న్’ ఉపాధ్యాయుల, విద్యార్థుల ఉమ్మడి ప్రాజెక్టుల కోసమే ఉన్న అంతర్జాతీయ జాలం. దాని భారతీయ విభాగం ద్వారా చేరవచ్చు. 2022లో కేరళలోని త్రిశూర్, నీలంబూర్‌లతో పాటు వరంగల్ నగరం యునెస్కో అభ్యసన నగరాల ప్రపంచ జాలంలో సభ్యత్వం పొందింది. మన ఊళ్లో ఈ సంగతి తెలిసిన ఉపాధ్యాయులు నాకు చాలా తక్కువ మందే తగిలారు. నగరపాలక సంస్థకు, జిల్లా విద్యాధికారికి ఆ సభ్యత్వాన్ని గుర్తుచేస్తూ ఉత్తరం రాస్తే, మరో సభ్య నగరంలోని బడితో పరిచయం కల్పించమని అడగడానికి మీకు ఒక ఆధారం ఉంటుంది. హైదరాబాద్‌లోని ఇఫ్లూ, అంటే 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా పుట్టిన విశ్వవిద్యాలయం, ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చేవారికి ఆంగ్ల శిక్షణ ఇస్తుంది. 1964లో మొదలైన భారత ప్రభుత్వ ‘ఐటెక్’ పథకం కింద మన దేశానికి ఏటా విదేశీ ఉద్యోగులు, ఉపాధ్యాయులు శిక్షణకు వస్తారు. అలా వచ్చినవారిని ఒక ఆదివారం రామప్పకు ఆహ్వానించి, సోమవారం మీ బడి చూపించగలిగితే అంతకన్నా మంచి పరిచయం ఉండదు. మన జిల్లాల నుంచి విదేశాలకు వెళ్లి స్థిరపడినవారి పిల్లలు చదివే బడుల ద్వారా వెళ్లడం మరో దారి. తల్లి గానీ తండ్రి గానీ తమ బిడ్డ టీచరమ్మకు చేసే పరిచయం, సంస్థల మధ్య నడిచే ఉత్తరాల కన్నా త్వరగా పని చేస్తుంది.

మొదటి ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. బడి ఉన్న చోటు, తరగతిలో పిల్లల సంఖ్య, ఇంట్లో వాళ్లు మాట్లాడే భాషలు, బోధనా మాధ్యమం రాయండి. తర్వాత మీ ప్రశ్నను రాసి, దానికి సాక్ష్యంగా పిల్లల పని ఒకటి రెండు ఫొటోలు జతచేయండి. చివరగా మీరు ఏం కోరుతున్నారో అంకెల్లో చెప్పండి: ఏడాదిలో ఆరు సమావేశాలు, ఒక్కోటి గంట, రెండు పాఠాలు, డబ్బు ప్రమేయం లేదు. ‘మీ గొప్ప దేశం నుంచి నేర్చుకోవాలని ఉంది’ వంటి వాక్యాలు తీసేయండి; సమానుడిగా రాసిన ఉత్తరానికే సమానుడి జవాబు వస్తుంది.

మనం ఇవ్వగలిగినదేమిటో కూడా ఆ ఉత్తరంలోనే చెప్పాలి. ఒకే గదిలో మూడు తరగతులకు పాఠం చెప్పే ఎస్జీటీ (ప్రాథమిక బడి ఉపాధ్యాయుడి) నేర్పు చాలా దేశాల శిక్షణ కళాశాలల్లో దొరకదు. ములుగు, మహబూబాబాద్ ప్రాంతాల బడుల్లో ఇంట్లో కోయ, లంబాడీ మాట్లాడే పిల్లలకు తెలుగు ద్వారా ఆంగ్లాన్ని అందించే ఉపాధ్యాయుల అనుభవమూ అటువంటిదే. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామీ, బంజారాతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన ప్రయత్నం జరిగింది. ఆ రోజుల్లో పనిచేసినవారు మీ మండలంలో ఉంటే వారిని బృందంలోకి తీసుకోండి. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమంతో పాటు వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలను కూడా ఒక పాఠం వరకు స్కాన్ చేసి పంపండి. తూర్పు ఆఫ్రికా ఉపాధ్యాయులకు అవి ఎంతో ఆసక్తి కలిగిస్తాయి.

గడియారమూ క్యాలెండరూ

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ చాలా ప్రయత్నాలు ఇక్కడే చెడతాయి. మేము ఒకసారి యూరప్‌లోని ఒక బడితో మధ్యాహ్నం మూడున్నరకు సమావేశం పెట్టుకున్నాం. అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారాలు గంట వెనక్కు తిప్పుకుంటారన్న సంగతి మాకు తట్టలేదు. ముప్పై మంది పిల్లల్ని కూర్చోబెట్టి ఖాళీ తెర వైపు చూస్తూ గంట గడిపాం. అవతలివాళ్లు సరిగ్గా తమ వేళకు వచ్చేసరికి మా పిల్లలు ఊరి బస్సు ఎక్కేశారు. అప్పటి నుంచి నేను ప్రతి ఆహ్వానంలోనూ రెండు ఊళ్ల సమయాలూ రాస్తున్నాను.

మన సాయంత్రం నాలుగున్నరకు కెన్యాలో మధ్యాహ్నం రెండు, జాంబియాలో ఒంటి గంట, జపాన్‌లో రాత్రి ఎనిమిది. ఫిన్లాండ్‌లో చలికాలం ఒంటి గంట, వేసవిలో రెండు. ఆఫ్రికా దేశాలతో పని కుదరడానికి ఈ లెక్క కూడా ఒక కారణమే. వాళ్ల బడి నడుస్తుండగానే మన బడి ముగుస్తుంది. అమెరికాతో అయితే మన రాత్రో వాళ్ల రాత్రో చెడక తప్పదు.

క్యాలెండరు ఇంకా ముఖ్యం. మనకు జూన్‌లో బడులు తెరుస్తారు, కెన్యాలో జనవరిలో, జపాన్‌లో ఏప్రిల్‌లో, యూరప్‌లో ఆగస్టు సెప్టెంబరుల్లో. బతుకమ్మ, దసరా సెలవులు, సంక్రాంతి, మార్చిలో పదో తరగతి పరీక్షలు తీసేసి చూడండి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వచ్చే ఏడాది ములుగు, భూపాలపల్లి బడులకు ఆ వారం కూడా తీసేయాలి. మనకు నికరంగా మిగిలేవి జూలై, ఆగస్టు, నవంబరు, డిసెంబరు, జనవరి చివరి భాగం మాత్రమే. అందుకే జూలైలో ప్రశ్న, ఆగస్టులో ప్రణాళిక, నవంబరులో మొదటి పాఠం, జనవరి చివర రెండో పాఠం అనుకుంటే ఊపిరాడుతుంది.

అనుమతులు

ఉపాధ్యాయుల మధ్య ఆన్‌లైన్ చర్చకు పెద్ద తతంగం లేదు కానీ, ప్రధానోపాధ్యాయుల ద్వారా మండల విద్యాధికారికి, వారి ద్వారా జిల్లా విద్యాధికారికి ఒక పేజీ ఉత్తరం పంపి ప్రతిపై సంతకం, తేదీ తీసుకోండి. నోటిమాట అనుమతి బదిలీలతో పాటే వెళ్లిపోతుంది. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడికీ ఏటా 50 గంటల వృత్తిపర అభివృద్ధిని సూచించింది కాబట్టి, ఈ పనికి వెచ్చించే గంటలను ఆ లెక్కలో చేర్చమని అదే ఉత్తరంలో కోరండి. ఒక ప్రతి జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ అయిన డైట్‌కు కూడా పంపండి. అక్కడి అధ్యాపకులొకరు బృందంలో ఉంటే అక్కడ ఉపాధ్యాయ శిక్షణ పొందే డీఈడీ విద్యార్థులు పరిశీలకులుగా రావడానికి వీలుంటుంది, వాళ్లకు అది పుస్తకంలో దొరకని శిక్షణ.

డబ్బు విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. అవతలి బడి ప్రేమతో ‘కొంత సొమ్ము పంపుతాం, కంప్యూటర్లు కొనుక్కోండి’ అనవచ్చు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి విదేశీ విరాళం తీసుకోకూడదు. ఆ చట్టం కింద నమోదైన లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థలకే విదేశీ విరాళం తీసుకునే వీలుంది. ఆ సంస్థలు కూడా 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతా ద్వారానే తీసుకోవాలి, తీసుకున్నదాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు. కాబట్టి మొదటి ఉత్తరంలోనే ‘డబ్బు ప్రమేయం లేదు’ అని రాయడం మర్యాద కోసం మాత్రమే కాదు, మీ ఉద్యోగ భద్రత కోసం కూడా.

పిల్లల విషయానికి వస్తే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల నిర్ధారించదగిన అంగీకారం ఉండాలంటుంది. తెలుగులో నాలుగు వాక్యాల అంగీకార పత్రం రాసి, తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించి సంతకాలు తీసుకోండి. అంతకన్నా సులువైన జాగ్రత్త ఒకటుంది: కెమెరాను పిల్లల ముఖాల మీద కాకుండా చేతుల మీద, నోటు పుస్తకాల మీద నిలపండి. పాఠ చర్చకు అవసరమైనది కూడా అదే.

పాఠం: ఒక నమూనా

చుట్టుకొలత, వైశాల్యం ప్రశ్ననే తీసుకొని పని ఎలా సాగుతుందో చెబుతాను.

మొదటి సమావేశంలో రెండు బృందాలూ తమ పాఠ్యపుస్తకాల్లో ఆ అధ్యాయం ఎలా ఉందో చూపుకోవాలి. ఏ తరగతిలో మొదలవుతుంది, సూత్రం ముందు వస్తుందా చిత్రం ముందు వస్తుందా, ఎటువంటి అంకెలు వాడారు అన్నవి పోల్చి చూడగానే అప్పటిదాకా సహజమనుకున్నవి ప్రశ్నలుగా మారతాయి. మాటల గురించి కూడా మాట్లాడుకోండి. ‘చుట్టుకొలత’ అన్న మాటలోనే అర్థం ఉంది, పిల్లలకు చెప్పనక్కర లేదు. ‘వైశాల్యం’ అలా కాదు. మన పల్లె పిల్లలకు అది పరీక్షలో రాసే మాట. ‘ఎంత జాగ ఉన్నది’ అని అడిగి చూడండి, చేతులు లేస్తాయి. ఇక్కడి పిల్లలకు గుంట తెలుసు, నలభై గుంటలు ఎకరమని తెలుసు. అయినా గుంటంటే 121 చదరపు గజాలని, చదరపు మీటర్లలో సుమారు 101 అని పాఠంతో ముడిపెట్టిన సందర్భం మాత్రం వాళ్లకు తారసపడి ఉండదు. జపాన్ భాగస్వాములైతే తమ ‘త్సుబో’ గురించి చెబుతారు, అది సుమారు 3.3 చదరపు మీటర్లు. పిల్లలు ఊళ్లో వాడే కొలతను పాఠంలోకి తీసుకురావాలా, వద్దా అన్నదే రెండు బృందాలకూ మంచి చర్చాంశం.

రెండో సమావేశంలో కృత్యాన్ని ఎంచుకోవాలి. 24 మీటర్ల తాడుతో దీర్ఘచతురస్రాకారపు పత్తి మడిని చుట్టాలి. ఎక్కువ జాగ వచ్చేలా ఎలా చుడతారు? బడి ఆవరణలో నిజమైన తాడుతో చేయించవచ్చు, గళ్ల కాగితం మీదా చేయించవచ్చు. 11, 1 మీటర్ల భుజాలతో 11 చదరపు మీటర్లు, 10, 2తో 20, 8, 4తో 32, 6, 6తో 36 వస్తాయి. తాడు అదే, జాగ మారింది. ఆ తర్వాత అసలు మెలిక: 12 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు ఉన్న మడికి కంచె 26 మీటర్లు పడుతుంది, జాగ మాత్రం 12 చదరపు మీటర్లే. ఎక్కువ తీగ ఖర్చయ్యే మడిలో తక్కువ పత్తి పండుతుందన్నమాట. రైతు బిడ్డకు ఈ వాక్యం సూత్రం కన్నా లోతుగా దిగుతుంది.

ఇక్కడ తొందరపడి పాఠ్య పథకం రాయడానికి కూర్చోకండి. పిల్లలు ఏమంటారో ముందే ఊహించి రాసుకోవడం ఈ పద్ధతికి ప్రాణం. ‘తాడు ఒక్కటే కాబట్టి జాగ కూడా ఒక్కటే’ అనేవాళ్లుంటారు. పొడవుగా కనిపించేదే పెద్దదనేవాళ్లుంటారు. ఏమీ ఆలోచించకుండా 11ను 1తో గుణించి జవాబు రాసి ఊరుకునేవాళ్లుంటారు. చతురస్రం దీర్ఘచతురస్రం కాదు కదా అని 6, 6ను వదిలేసేవాళ్లూ ఉంటారు. నా అనుభవంలో బాగా చదివే పిల్లలే ఈ చివరి మాట అంటారు. ఒక్కొక్క మాటకు ఉపాధ్యాయుడు తిరిగి ఏం అడగాలో రెండు బృందాలూ కలిసి రాయాలి. అవతలి ఉపాధ్యాయులు మీకు తట్టని ఊహ ఒకటి చెప్పిన క్షణంలోనే ఈ సహకారం ఎందుకో మీకు బోధపడుతుంది.

పాఠం జరిగే రోజు ఒకరు బోధిస్తారు, మిగతావారు గదిలో ఉంటారు. ప్రతి పరిశీలకుడూ ఒక్క జట్టు పక్కనే కూర్చొని, పిల్లలు అన్న మాటలను అన్నట్టే, సమయంతో సహా రాయాలి. పిల్లలకు సాయం చేయకూడదు, కళ్లతో కూడా. ఇది మనవాళ్లకు ఎంత కష్టమో చెప్పలేను. తప్పు చేస్తున్న పిల్లవాడి పక్కన నోరు మూసుకొని కూర్చోవడం ఉపాధ్యాయుడికి ఉపవాసం లాంటిది. బోధిస్తున్న వ్యక్తి నల్లబల్ల రాత, గొంతు, చీర, చొక్కా గురించి ఒక్క ముక్క కూడా రాయకూడదు. తనిఖీల అలవాటు ఉన్న మన వ్యవస్థలో ఈ నియమాన్ని ముందే గట్టిగా చెప్పకపోతే, తర్వాతి పాఠానికి బోధించడానికి ఎవరూ ముందుకు రారు.

అదే రోజు సాయంత్రం చర్చ జరగాలి. బోధించినవారు ముందు మాట్లాడతారు, తర్వాత పరిశీలకులు తమ నోట్సులోని పిల్లల మాటలు చదువుతారు, అభిప్రాయాలు ఆ తర్వాతే. ‘మీ పాఠం’ అన్న మాట ఎవరి నోటా రాకూడదు, అది బృందం పాఠం. ఆపైన మూడు నోటు పుస్తకాల ఫొటోలు, ఆరేడు పిల్లల మాటలు, వాటికి ఆంగ్లంలో సరళమైన అనువాదం కలిపి రెండు పేజీల నివేదిక అవతలి బృందానికి పంపాలి. మొత్తం పాఠం వీడియో పంపకండి, ఎవరూ చూడరు. పిల్లల వాదన జరిగిన నాలుగు నిమిషాల ముక్క చాలు.

భాగస్వాములు దాన్ని చదివి, పాఠంలో ఒకటి రెండు మార్పులు చేసి తమ బడిలో బోధిస్తారు. వాళ్ల నివేదిక వచ్చాక మీరు మరో సెక్షన్‌లోనో పక్క ఊరి బడిలోనో మళ్లీ బోధిస్తారు. ఒకే పాఠం మూడుసార్లు, మూడు గదుల్లో. ‘ఒక్క పీరియడ్ కోసం ఇంత శ్రమా’ అని స్టాఫ్ రూములో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వారిని వాదించి ఒప్పించే బదులు రెండో పాఠానికి పరిశీలకులుగా పిలవండి.

సిద్ధంగా ఉన్న సామగ్రి

భాగస్వామి దొరికేదాకా ఖాళీగా ఉండనక్కర లేదు. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ, బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో రూపొందించిన ‘టెస్ ఇండియా’ సామగ్రి మన దేశపు ఉపాధ్యాయుల కోసమే తయారైంది; ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, స్థానికంగా మార్చుకోవచ్చు. ఇలాంటి సామగ్రిని అనువదించే ముందు లైసెన్సు చూడండి. క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత వాడకపు లైసెన్సుల్లో పేరు పేర్కొంటే చాలనే రకం ఉంది, మార్చినదాన్ని అదే షరతుతో పంచమనే రకం ఉంది, మార్పులు కూడదనే రకమూ ఉంది. చివరిదాన్ని అనువదించి పంచకూడదు, ఎందుకంటే అనువాదం కూడా మార్పే. నిజాయితీగా చెప్పాలంటే, మొత్తం మాడ్యూలు అనువదించడం కన్నా ఒక కృత్యాన్ని తీసుకొని, మన పిల్లల మీద ప్రయత్నించి, మారిన రూపాన్ని రాసి, బడి చదువుల కోసం ఉన్న జాతీయ ఆన్‌లైన్ వేదిక ‘దీక్ష’కు ప్రతిపాదించడం ఎక్కువ ఉపయోగం.

ప్రయాణ అవకాశం వస్తే

రెండు దారులు చెబుతాను. జపాన్ ప్రభుత్వపు మెక్స్ట్ ఉపకార వేతనాల్లో ఉపాధ్యాయ శిక్షణ విభాగం ఉంది. ఐదేళ్లకు పైగా బోధన అనుభవం, ముప్పై ఐదేళ్ల లోపు వయసు ఉన్న బడి ఉపాధ్యాయులకు ఏడాదిన్నర వరకు అక్కడి విశ్వవిద్యాలయంలో శిక్షణ దొరుకుతుంది, దరఖాస్తు రాయబార కార్యాలయం ద్వారా. అమెరికా ఫుల్‌బ్రైట్ కార్యక్రమాల్లో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుల కోసం ఆరు వారాలది ఒకటి ఉండేది. భారత అమెరికా విద్యా ప్రతిష్ఠానం వెబ్‌సైటులో ఆ ఏటి ప్రకటన చూసిన తర్వాతే సిద్ధం కండి. రెండింటిలోనూ ‘మీ బడిలో మీరు ఏం మార్చారు’ అన్న ప్రశ్న వస్తుంది. పైన చెప్పిన రెండు పేజీల నివేదికలు నాలుగు మీ దగ్గర ఉంటే దానికి జవాబు వెతుక్కోనక్కర లేదు.

పాస్‌పోర్టు ముందే తీసి ఉంచుకోండి. వరంగల్‌లోనే పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రం ఉంది, ప్రభుత్వ ఉద్యోగులు తమ పై అధికారికి ముందస్తు సమాచార లేఖ ఇచ్చి దరఖాస్తు చేసుకునే వీలుంది. విదేశీ సంస్థ మీ ఖర్చులు భరిస్తుంటే, విదేశీ ఆతిథ్యానికి కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తు పేరు ఎఫ్‌సీ-2, ఆన్‌లైన్‌లో, ఆహ్వాన పత్రం జతచేసి, సాధారణంగా ప్రయాణానికి రెండు వారాల ముందు అందేలా పంపాలి. దీనికి తోడు మీ శాఖ అనుమతి వేరుగా ఉండాలి. రెండు నెలల ముందు మొదలుపెట్టినా ఎక్కువ కాదు.

దస్తావేజు

ఒక మామూలు రిజిస్టరు పెట్టండి. ప్రశ్న, సమావేశాల తేదీలు, ఎవరు వచ్చారు, పాఠ ప్రణాళిక మొదటి, రెండో, మూడో రూపాలు, పిల్లల మాటలు, అనుమతి పత్రాల ప్రతులు అన్నీ అందులో అతికించాలి. ఈమెయిల్ ఖాతా బృందం పేరుతో తెరవండి, ఎవరి సొంత ఖాతా నుంచీ ఉత్తరాలు నడపకండి. ప్రతి కాంప్లెక్స్ సమావేశంలో పది నిమిషాలు అడిగి తీసుకొని, ఆ నెలలో అవతలి నుంచి వచ్చిన ఒక్క ఫొటోనో ఒక్క పిల్లవాడి మాటనో చూపించండి. అవతలివాళ్లు రెండు నెలలు మౌనంగా ఉంటే కినుక వహించకుండా మీ పాఠం నివేదిక పంపుతూనే ఉండండి. వాళ్ల పరీక్షల కాలం అయి ఉంటుంది, చాలాసార్లు మళ్లీ రాస్తారు. బదిలీల షెడ్యూలు రాగానే చేయవలసిన మొదటి పని, రిజిస్టరునూ ఖాతా పాస్‌వర్డునూ బృందంలో అందరికన్నా చిన్న ఉపాధ్యాయుడికో ఉపాధ్యాయురాలికో అప్పగించి, ఆ సంగతి ఒక వాక్యంలో భాగస్వామి బడికి రాయడం.